పొలంబడిలో అడిగేదెవరు?

తెనాలి నుంచి రేపల్లె, బాపట్ల దాకా పరుచుకున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో వరికి సుడిదోమ పట్టిందంటే రైతు ముందు వెళ్లేది పురుగుమందుల కొట్టుకి. అక్కడ మాటలు తక్కువే: ఏం పట్టింది, ఎన్నెకరాలు, ఏ మందు కావాలి. ఈ పద్ధతికి ఎదురు నిలిచిన బడి పొలంబడి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో ఇండోనేషియా వరిచేలల్లో మొదలై మన దగ్గరికీ వచ్చింది. పాతిక ముప్పై మంది రైతులు వారానికో పూట చేను దగ్గర చేరతారు. నలుగురైదుగురు ఒక జట్టుగా మడిలో దిగి, దుబ్బులు వంచి చూసి, దోమనూ దాన్ని తినే సాలీళ్లనూ మిరిడ్ నల్లులనూ లెక్కపెడతారు. గట్టెక్కి చార్టు మీద బొమ్మ గీస్తారు: నడుమ వరి దుబ్బు, ఒకపక్క శత్రు పురుగులు, ఇంకోపక్క మిత్ర పురుగులు. ఆ తర్వాత వాదన. "ఇదేం పురుగండీ?" అని రైతు అడిగితే, "ఎక్కడ దొరికింది? అక్కడేం చేస్తోంది?" అని తిరిగి అడగడమే బడి నడిపే వ్యవసాయ అధికారి పని.

జవాబు తెలిసినవాడు దాచుకోవడమెందుకు, ఒక్క ముక్కలో చెప్పేయొచ్చుగా అనిపిస్తుంది. చెప్పడానికి మనకేం కొరత లేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉంది. సుడిదోమ తగ్గాలంటే నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలన్న సలహా ఎన్నేళ్లుగానో వినబడుతోంది. ఉపన్యాసంలో అందరూ తలూపుతారు. "అంత నేల ఖాళీగా పోతుంది కదా" అన్న అనుమానం మాత్రం పైకి రాదు, వచ్చే ఏడు బాటా రాదు. వాదనలో అయితే మొదట వచ్చేది ఆ అనుమానమే. దుబ్బు మొదట్లోకి గాలీ వెలుతురూ వెళ్తే దోమకు నచ్చదని, బాట పక్క వరసల్లో పిలకలు ఎక్కువ వస్తాయని అప్పుడు చేలోనే చూసుకోవచ్చు. మందు సంగతి ఇంకా చిక్కు. చచ్చిన దోమ కంటికి కనబడుతుంది. దాంతోపాటు చచ్చిన సాలీడు ఎవరికీ పట్టదు. శత్రువు లేని దోమ మళ్లీ విరుచుకుపడుతుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల మందులు నిషేధించింది ఈ అనుభవంతోనే. అదే ఏడు విడుదలైన మన బాపట్ల బిడ్డ సాంబమసూరి, అంటే బీపీటీ 5204, అన్నానికి ఎంత పేరో దోమకూ అంత లోకువ. ఆ బియ్యానికున్న గిరాకీ చూసి రైతు రకం మార్చడు. ఇక మిగిలింది మందు ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్న నిర్ణయం. దాన్ని ఒకరు ఇంకొకరికి చెప్పి పంపలేరు. (ఈ ప్రసంగమూ ఒకవైపు మాటేనని, మీరు అడ్డు తగల్లేరని తెలుసు.)

అయితే ఇండోనేషియా పొలంబడులపై 2004లో వెలువడిన ఒక అధ్యయనం, చదివినవారిలోనూ వారి పొరుగువారిలోనూ దిగుబడి పెరుగుదల గానీ మందుల తగ్గుదల గానీ చెప్పుకోదగ్గంత లేదని తేల్చింది. దీన్ని కొట్టిపారేయలేం. పొరుగువారి సంగతి నాకు ఆశ్చర్యమనిపించదు. గట్టు దాటి వెళ్లేది "మందు కొట్టకు" అన్న మాట ఒక్కటే. దుబ్బు వంచి లెక్కపెట్టే అలవాటు దాటదు. చదివినవారి విషయమే ఆలోచించాల్సింది. పథకం పెద్దదయ్యేకొద్దీ లెక్కకు బడులు పెరిగి, చార్టు తంతుగా మారి, అధికారి మళ్లీ ఉపన్యాసానికి దిగితే, దక్కే ఫలితం ఉపన్యాసానిదే. మరో లోపం మన డెల్టాలోనే కనిపిస్తుంది. సాగులో పెద్ద భాగం కౌలు రైతులది, నాట్లు ఆడకూలీల ముఠాలవి. బాట వదలాలా వద్దా అన్నది చివరికి తేలేది నారుకట్ట పట్టినవాళ్ల చేతిలో. పొలంబడి పిలుపు ముందు వాళ్లకు అందాలి, అదీ నాట్లకు ముందే.