తప్పిపోయిన బిడ్డ లెక్కలో ఉందా?



మా సంఘం ఒక పాపకు గుండె వాల్వు ఆపరేషన్‌కు సాయపడింది. ఫొటో తీసుకున్నాం, దేవుణ్ణి స్తుతించాం. తర్వాత ఆ పాప సంగతి అడగలేదు. రెండేళ్లకు ఊపిరాడక మళ్లీ ఆసుపత్రిలో చేర్చారు. ఆర్నెల్లకే ఇంజెక్షన్లు మానేశారని అప్పుడు తెలిసింది. ఆ తప్పులో మాకూ భాగం ఉంది.

ఆ పాపది రుమాటిక్ గుండె జబ్బు. ఇది గొంతునొప్పితో మొదలై, కీళ్లవాపు జ్వరంగా మారి, గుండె వాల్వులను పాడుచేస్తుంది. ఆ జ్వరం ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు, అందులోనూ ఇరుకు ఇళ్లలో ఉండే పేదల పిల్లలకు వస్తుంది. మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకొకసారి బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించాలి. ఇదంతా ఓపీలో జరిగే వైద్యమే.

ఆ వైద్యం బాగుందో లేదో ఎలా కొలవాలి? మంచి భవనం, పెద్ద డాక్టరు ఉంటే చాలదు. వేయవలసిన ఇంజెక్షన్లలో ఎన్ని సమయానికి పడ్డాయో చూడాలి. మూడు వారాల లెక్కన ఏడాదికి 17. నూటికి 80 వంతులైనా పడాలని వైద్యులు చూస్తారు. అంటే కనీసం 14.

అయితే ఒక చిక్కుంది. ఓపీకి వచ్చిన పిల్లలనే లెక్కిస్తే అంతా బాగానే కనిపిస్తుంది. రావడం మానేసిన బిడ్డ ఆ లెక్కలోనే ఉండదు. ప్రభువు చెప్పిన ఉపమానంలో కాపరి తన మంద నూరని మరచిపోలేదు. అందుకే ఒకటి తప్పిపోయిందని తెలిసింది, వెదకడానికి వెళ్లాడు.

మనవాళ్లు ఎందుకు మానేస్తారు? బరంపురంలో, హోసూరులో, షోలాపూరులో మన తెలుగు తల్లి చేతిలోని చీటీ ఆమెకు రాని లిపిలో ఉంటుంది. ఓపీకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. తీరా వెళ్తే ఒక్కోసారి మందు ఉండదు.

కాబట్టి ప్రతి సంఘంలో ఒక పుస్తకం పెడదాం. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే బిడ్డ పేరు, తర్వాతి ఇంజెక్షన్ తేదీ రాద్దాం. ఆ పేర్లు ఆరాధనలో చదవొద్దు. ముందురోజు ఫోన్ చేద్దాం, రాకపోతే ఇంటికి వెళ్దాం. ఆసుపత్రివారిని మర్యాదగా రెండు ప్రశ్నలు అడుగుదాం: మీ దగ్గర నమోదైన పిల్లల్లో ఈ నెల ఎంతమంది రాలేదు? మందు ఎన్ని రోజులు లేదు?

జాలిపడి చందా ఇవ్వడం మనకు అలవాటే. విడిచిపెట్టకుండా లెక్క చూడడం కూడా ప్రేమే, న్యాయమే. దేవుడు మనకు ఆ ఓపిక దయచేయును గాక. ఆమేన్.