మేడి ఏది, బొమ్మమేడి ఏది?
(రోడ్డు విస్తరణలో భూములు కోల్పోతున్న రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా బావిగట్టున మా తాత నాటి మేడిచెట్టు ఉంది. ఇద్దరం చేతులు చాపినా కౌగిలికి అందదు. సర్వేకు వచ్చినవారు దాన్ని బొమ్మమేడి అని రాసుకున్నారు. బొమ్మమేడి మామూలుగా చిన్న చెట్టు, ఒక్కోచోట పొదలాగే ఉంటుంది. ఆ పేరు పడితే విలువ కూడా దానికి తగ్గట్టే పడుతుంది.

పొరపాటు ఎందుకు జరుగుతుందంటే, రెండింటికీ కాయలు మానుకే కాస్తాయి. గిల్లితే రెండూ పాలు కారుస్తాయి. అందుకని ఆకు చూడండి. మేడికి ఆకులు ఒకదాని తర్వాత ఒకటి, అటొకటి ఇటొకటి వస్తాయి. ముదిరిన ఆకు నున్నగా ఉంటుంది. బొమ్మమేడికి ఆకులు సాధారణంగా ఎదురెదురుగా జంటగా వస్తాయి. వేలితో రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది. లేత కొమ్మ విరిస్తే లోపల బోలుగా ఉంటుంది. మేడిపండు గుత్తులుగా కాసి ఎర్రగా పండుతుంది. బొమ్మమేడి కాయ నూగుతో ఉండి, పండితే పసుపు రంగుకు తిరుగుతుంది.

మిగతా చుట్టాలతో ఇంత చిక్కు లేదు. రావి ఆకు కొస తోకలా సాగుతుంది. మర్రికి ఊడలు దిగుతాయి, కాయలు ఆకుల మొదట్లో జంటగా కాస్తాయి. జువ్వి కాయలు చిన్నవి, అవీ రెమ్మల మీదే, ఆకుల దగ్గర కాస్తాయి. మేడికి మర్రిలాంటి ఊడలు ఉండవు.

మేడిపండులో పురుగుల మాట వేమన చెప్పిందే. అయితే ఆ చిన్న కందిరీగలు లోపలికి వెళ్తేనే పువ్వులకు పరాగం అంది గింజ కడుతుంది. ఆకు మేకలకు, పశువులకు మేత. కర్ర బయట త్వరగా పాడైనా నీటిలో మన్నుతుంది.

2013 భూసేకరణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం భూమిపై ఉన్న ఆస్తులన్నీ పరిహారంలో కలపాలి. 29వ సెక్షన్ కింద చెట్ల విలువ కట్టడానికి వ్యవసాయ, అటవీ, ఉద్యాన రంగాల్లో అనుభవం ఉన్నవారి సేవలు కలెక్టరు తీసుకోవచ్చు. 30వ సెక్షన్ కింద మొత్తం పరిహారంపై నూటికి నూరు శాతం సొలేషియం ఉంటుంది. అంటే జాబితాలో ఒక్క పేరు తప్పుపడితే నష్టం రెండింతలు.

కాబట్టి లెక్కింపు రోజున చెట్టు దగ్గరే నిలబడండి. ఆకులున్న రెమ్మ, కాయ, మాను ఫొటోలు తీసుకోండి. ఛాతీ ఎత్తున చుట్టుకొలత మీరే కొలిచి రాసుకోండి. జాబితా చదవకుండా సంతకం పెట్టొద్దు. తప్పుంటే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. నేను ఇచ్చాను. మళ్లీ చూడటానికి వస్తామన్నారు. వాళ్లు వచ్చిన రోజున ఆకుల రెమ్మ వాళ్ల చేతికిచ్చి, ఆ తర్వాతే మాట్లాడతాను.