సైలెన్సర్ మార్పిస్తే వేడి ఎటు పోతుంది?

(శుక్రవారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకు రాత రూపం. వినడం కుదరనివాళ్లు చదువుకోండి, డ్రైవర్లకు పంపండి.)

ఇవాళ సెలవు కాబట్టి బట్టలు ఉతుక్కుంటూనో, కూర పొయ్యి మీద పెట్టుకునో వింటుంటారు. పని ఆపొద్దు, చెవి ఇటు వేస్తే చాలు.

పోయిన వారం సోహార్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, వాదీల రాయి తగిలి మా పికప్ సైలెన్సర్ పగిలింది. సనాయియాల వేరే పైపు వేయించినం. అప్పటి సంది వెనక బెడ్ మీద చెయ్యి పెడితే కాలుతుంది. ఇది మామూలేనా? కంపెనీకి చెప్తే నా మీదికే వస్తదేమో అని భయం."

నేను మెకానిక్‌ను కాదు. ఐటీఐ ఫిట్టర్ చేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ను. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత నాకుంది. ఎందుకంటే ఇదే తప్పు ఒకసారి నేను చేయించాను. ముందు అది చెప్తా, తర్వాత ఏం చేయాలో చెప్తా.

జబల్ అఖ్దర్ దిగేటప్పుడు

2019 ఎండాకాలం. మా సైట్ జబల్ అఖ్దర్ పైన. నిజ్వా దగ్గర బిర్కత్ అల్ మౌజ్ నుంచి ఎక్కాలి. కింద పోలీస్ చెక్‌పోస్ట్ ఉంటుంది, ఫోర్ బై ఫోర్ బండి అయితేనే పైకి వదులుతారు. పైన సైఖ్ దాదాపు 2000 మీటర్ల ఎత్తు. ఆ దారి చూసినవాళ్లకు తెలుసు, అంతా ఎక్కుడే, ఎక్కుడే.

మా పెట్రోల్ పికప్‌కు సైలెన్సర్ పగిలింది. కంపెనీది కొత్తది వేయాలంటే ధర ఎక్కువ, వారం ఆగాలి. పైన టైల్స్ పని ఆగిపోతుంది. "ఏదో ఒక పైపు వేయించుకొని రా, ఖల్లీవల్లీ" అని డ్రైవర్‌కు చెప్పింది నేనే. వర్క్‌షాప్ మేస్త్రి అడిగినంత పని చేశాడు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి నేరుగా పైపు వేశాడు. పాత కన్వర్టర్ తనే ఉంచుకొని బిల్లు తగ్గించాడు. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కదా, దానికి ధర ఉంది. పాత పైపుతో పాటు ఊడిన రేకులు మళ్లీ బిగించలేదు. అవి ఏమిటో మేమూ అడగలేదు. నేను చూసింది బిల్లు ఒక్కటే.

పది రోజుల తర్వాత ఫుల్ లోడ్ టైల్స్‌తో బండి పైకి ఎక్కింది. సామాను దించి, చాయ్ తాగి, పావుగంటలో ఇద్దరు హెల్పర్లతో తిరిగి బయలుదేరింది. రెండో మలుపు దగ్గర డ్రైవర్ కాలు కింద బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. ఆ తమ్ముడు తెలివైనవాడు. పెడల్ గబగబా పంపు చేశాడు, గేరు తగ్గించాడు, హ్యాండ్ బ్రేకు లాగాడు, లోయ వైపు పోనివ్వకుండా కొండ వైపు మట్టికి ఆనించాడు. ఒక హెల్పర్‌కు మణికట్టు విరిగింది. ముగ్గురూ బతికారు.

నాకు ఫోన్ చేసి అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "అన్నా, బ్రేకు పడతలేదు అంటే ఎవరూ నమ్ముతలేరు."

నిజంగానే ఎవరూ నమ్మలేదు. ఎందుకంటే సాయంత్రం బండి చల్లారాక బ్రేకు మామూలుగా పట్టింది. మెకానిక్ చూసి ఏ లోపమూ లేదన్నాడు. "లో గేర్‌లో దిగకుండా బ్రేకు మీద కాలు పెట్టి దిగి ఉంటాడు" అని ఆఫీసులో రాసుకున్నారు. రిపేరు ఖర్చు అతని జీతంలో కోస్తామన్నారు.

మర్నాడు నేనే బండి కింద పడుకొని చూశాను. కొత్త పైపు వెనక చక్రాలకు పోయే బ్రేకు లైన్‌కు రెండు వేళ్ల దూరంలో ఉంది. లైన్ మీద పెయింట్ కాలి బొబ్బలు లేచింది. రబ్బరు హోస్ గట్టిపడి, ఎండిన చింతబరికెలాగా పగుళ్లు ఇచ్చింది. అప్పుడు అర్థమైంది. బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆయిల్‌ను నొక్కితే నొక్కుడు చక్రం దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే అదే నలుగుతుంది, పెడల్ లోపలికి పోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ఆయిల్ అవుతుంది, సాక్ష్యం మాయం.

ఎక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడు

ఎక్కేటప్పుడు బాగానే ఉన్న బ్రేకు దిగేటప్పుడు ఎందుకు పోయింది? జవాబు ఆ పావుగంట చాయ్‌లో ఉంది.

లోడుతో ఎక్కినప్పుడు ఇంజన్ దగ్గరి పైపు 600 డిగ్రీలు కూడా దాటుతుంది. కానీ బండి కదులుతుంటే కింద గాలి కొడుతుంది, కొంత వేడి అదే తీసుకుపోతుంది. బండి ఆగిందంటే గాలి లేదు. పైపులో దాచిపెట్టిన వేడంతా చుట్టుపక్కల వాటికి ఎక్కడం మొదలవుతుంది. ఆగిన తర్వాత మొదటి పది, పదిహేను నిమిషాలే ప్రమాదం.

వేడి తగలడానికి ముట్టుకోవాల్సిన పని లేదు. తారు వేసే చోట పనిచేసినవాళ్లకు తెలుసు, గాలి అటు కొట్టినా పేవర్ వైపు ఉన్న ముఖం మండుతుంది. అట్లా చూపులాగా తగిలే వేడి లెక్క చాలా మోసం చేస్తుంది. పైపు 400 డిగ్రీల నుంచి 600కు పోతే అది వెదజల్లే వేడి ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది.

ఇప్పుడు అటువైపు చూడండి. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల కోసం చేసింది, మంచి రకం అయితే 105. బెడ్‌లో వేసుకునే ప్లాస్టిక్ సంచులు 160 దగ్గర కరుగుతాయి. డాట్ 3 బ్రేకు ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. పాతబడి తేమ చేరిన ఆయిల్‌కు లెక్క 140 డిగ్రీలే. మా బండి ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు.

పైగా ఇది ఒమన్. 2018 జూన్‌లో ఖురియాత్‌లో ఒక రాత్రంతా 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. మన ఊళ్లో చల్లారే బండి ఇక్కడ చల్లారదు.

మార్పించిన బండికి ఏం చేయాలి

సోహార్ తమ్ముడూ, నీకు మొదటి సలహా, కుదిరితే కంపెనీ సైలెన్సర్, కన్వర్టర్, రేకులు తిరిగి వేయించు. బండి తయారైన తీరును అనుమతి లేకుండా మార్చడం రాయల్ ఒమన్ పోలీస్ రూల్స్ ప్రకారం కూడా తప్పే. ముల్కియా రెన్యువల్‌కు ఇన్‌స్పెక్షన్‌కు పోతే అక్కడా ఆపుతారు. అప్పటిదాకా బండి నడపక తప్పదంటే, ఈ వరసలో చూడు.

ఒకటి, లీకు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, పైపు జాయింట్ల దగ్గర టిక్ టిక్ చప్పుడు, నల్లని మసి చూడు. లీకు నుంచి వచ్చే వేడి గ్యాస్ గ్యాస్‌కట్టర్ మంటలాగా ఒకే చోట కొడుతుంది. లీకు ఉండగా మిగతా ఏం చేసినా వృథా.

రెండు, దూరం. బ్రేకు లైన్, పెట్రోల్ లైన్, వైర్లు, స్పేర్ టైరు, వీటికీ పైపుకూ మధ్య జానెడు ఉండాలన్నది నా లెక్క. లేకపోతే పైపునే కొంచెం వంచి మళ్లీ వేయించు. దూరాన్ని మించిన షీల్డ్ లేదు.

మూడు, హీట్ షీల్డ్ రేకు. దూరం కుదరని చోట ఇది పెట్టాలి. రేకు పైపుకూ తగలొద్దు, కాపాడే వస్తువుకూ తగలొద్దు. రెండు పక్కలా వేలు మందం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో పోయే గాలే సగం పని చేస్తుంది. అల్యూమినియం పూత ఉన్న స్టీల్ రేకు మంచిది. సైట్‌లో మిగిలిన డక్ట్ జీఐ రేకు ముక్క పైపుకు అంటించి వెల్డింగ్ చేయొద్దు. జింకు పూత ఆ వేడికి ఊడుతుంది, వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ఏసీ పైపులకు చుట్టే నల్ల రబ్బరు ఇన్సులేషన్, ఫాయిల్ టేపు అసలే వద్దు. అవి కాపాడవు, కాలుతాయి.

నాలుగు, పైపుకు చుట్టే గుడ్డ, అదే హీట్ ర్యాప్. చాలామంది ముందు ఇదే కొంటారు, నేను చివర పెట్టాను. అది వేడిని బయటికి రానివ్వదు, నిజమే. కానీ పైపు లోపల ఇంకా ఎక్కువ కాగుతుంది. వాదీ నీళ్లు, బాతినా తీరం ఉప్పు తేమ అందులో ఇంకితే పైపు లోపలే తుప్పు పట్టి పోతుంది, పైకి కనపడదు. ఆయిల్ కారి తడిస్తే ఒత్తిలాగా అంటుకుంటుంది. తప్పనిసరైతే బ్రేకు లైన్ దగ్గరి ముక్క వరకే చుట్టించి, నెలకోసారి విప్పి చూడాలి.

ఐదు, వేలాడే రబ్బర్లు. మనం కాంక్రీట్‌లో ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఎందుకు వదులుతాం? ఇదీ అంతే. మీటరు స్టీల్ పైపు 500 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్లు సాగుతుంది. మూడు మీటర్ల పైపు దాదాపు రెండు సెంటీమీటర్లు. పైపును చాసిస్‌కు నేరుగా వెల్డింగ్ చేస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది, మళ్లీ లీకు. రబ్బరు హ్యాంగర్లే పెట్టించు.

ఆరు, బ్రేకు ఆయిల్. లైన్ వేడి తిన్న బండికి ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయించు, ఎయిర్ తీయించు, హోస్ మార్పించు.

అన్నీ అయ్యాక కొలవాలి. తారు టెంపరేచర్ చూసే గన్ సైట్‌లో ఉంటుంది కదా, అదే చాలు. పొద్దున్నే ఎండ రాకముందు కొలవండి, ఎందుకంటే ఎండలో నిలబడ్డ ఖాళీ బెడ్డే 60, 70 చూపిస్తుంది. లోడుతో అరగంట నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి కొలవాలి. మెరిసే రేకు మీద గన్ తక్కువ చూపిస్తుంది, మసి పట్టిన చోటో నల్ల పెయింట్ చుక్క మీదో చూడండి. వైర్ల దగ్గర 70, బ్రేకు లైన్ దగ్గర 100 దాటితే ఆ బండి కొండ ఎక్కొద్దు. కిందికి దూరేటప్పుడు జాక్ ఒక్కటే నమ్ముకోకండి, స్టాండ్ పెట్టండి.

ఇంకా అరిగిపోయేదాకా చెప్తా, పైపు పైన బెడ్‌లో పెట్రోల్ డబ్బా, గ్యాస్ సిలిండర్, క్యూరింగ్ గోనె పట్టాలు పెట్టొద్దు. పొగ వస్తే ఇంజన్ ఆపి, మనుషుల్ని దూరం జరిపి, 9999కు ఫోన్ చేయండి. బండి కాదు ముఖ్యం.

మధ్యాహ్నం నిద్ర

జూన్, జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా బయట ఎండలో పని చేయించొద్దని ఇక్కడి రూలు. ఆ మూడు గంటలు చాలామంది డ్రైవర్లు ఏసీ వేసుకొని బండిలోనే పడుకుంటారు. సైలెన్సర్ మార్చిన బండిలో మాత్రం ఆ పని చేయొద్దు.

కన్వర్టర్ ఉన్నప్పుడు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌లో ఎక్కువ భాగం అందులోనే మారిపోతుంది. తీసేస్తే అది అట్లాగే బయటికి వస్తుంది. పైపు మధ్యలోనే ఆగిపోయినా, లీకు ఉన్నా ఆ గ్యాస్ క్యాబిన్ కింద చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వాంతి వస్తే వడదెబ్బ అనుకుంటాం. నిద్రలో ఉన్నవాడికి అది కూడా తెలియదు. షెడ్‌లో చెమటతో పడుకున్నా సాయంత్రానికి లేస్తాం.

చివరి మాట

మా డ్రైవర్ సంగతి చెప్పకుండా వదిలేస్తే సగం చెప్పినట్టు. బ్రేకు లైన్ చూశాక కూడా నేను రెండు రోజులు నోరు తెరవలేదు. పైపు మార్పించమన్నది నేను. చెప్తే నా ఉద్యోగం మీదికి వస్తుంది. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లల ఫీజులు, కట్టాల్సిన అప్పు. మూడో రోజు మెస్‌లో ఆ తమ్ముడు అన్నం ముందు పెట్టుకొని తినకుండా కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

అదే సాయంత్రం ఫోటోలు, పాత బిల్లు పట్టుకొని మేనేజర్ దగ్గరికి పోయి చెప్పాను. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు, కొంత డబ్బు నా జీతంలో కోశారు. అతని జీతంలో కోయలేదు. ఉద్యోగం పోతుందని రెండు రాత్రులు భయపడ్డాను, పోలేదు. పోయినా చెప్పాల్సిందే.

అందుకే సోహార్ తమ్ముడూ, బెడ్ కాలుతుంటే అది మామూలు కాదు. ఇవాళే ఫోటోలు తీసి, తేదీతో మీ సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో పంపు. నోటి మాట కంటే రాత నిలబడుతుంది. ఇక సూపర్‌వైజర్ అన్నలకు ఒక మాట. "ఏదో ఒకటి వేయించుకొని రా" అని మనం రెండు సెకన్లలో అంటాం. ఆ బండిలో దిగేది మనం కాదు.

ఉంటా మరి. ఈ వారం ఒక్కసారి బండి కిందికి వంగి చూడండి. ఏం కనపడిందో వాయిస్ మెసేజ్ పెట్టండి.