బహిరంగ ధూమపానం – హక్కు, హద్దు

(ట్రస్టు సత్రముల ఉద్యోగులు, సేవకుల సమావేశంలో ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి చేసిన ప్రసంగ పాఠం)



సత్రం వరండాలలో ‘ఇచ్చట పొగ త్రాగరాదు’ అన్న పలకలు పెట్టిన నాటి నుండి మేనేజరు గారికి తగవులు తప్పడం లేదట. పొగ త్రాగడం మా హక్కు కాదా అని నిలదీసేవారికి ఏమని సమాధానం చెప్పాలో తెలుపవలసిందని ధర్మకర్తలు నన్ను కోరారు. ఇది కసరి పంపివేయదగిన ప్రశ్న కాదు. కనుక ముందుగా పొగ త్రాగేవారి తరఫున నేనే వాదిస్తాను.

దేహం నాది. నేను కొన్నది ప్రభుత్వం నిషేధించని సరుకు. దానికి పన్ను కట్టాను. ఆ పంట బాగోగులు చూడడానికి గుంటూరు కేంద్రంగా 1976 నుండి పొగాకు బోర్డు పనిచేస్తున్నది. రాజమహేంద్రవరంలో 1947లోనే పరిశోధనా సంస్థను నెలకొల్పారు. పండించడం తప్పు కానప్పుడు, అమ్మడం తప్పు కానప్పుడు, త్రాగడం మాత్రం తప్పెలా అవుతుంది? ఇది బలమైన వాదమే. ఇంతకంటే బలహీనమైన వాదాలు గెలవడం నేను న్యాయస్థానాలలో చూశాను. ‘కన్యాశుల్కం’లో గిరీశం అయితే ఏకంగా గరుత్మంతుణ్ణి, అమృతాన్ని సాక్ష్యానికి పిలిచాడు. పొగాకు అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి చేరిన మొక్క గనుక ఆ సాక్ష్యం మాత్రం చెల్లదు.

ఈ వాదంలో సగాన్ని చట్టం అంగీకరించిందన్న సంగతి చాలామందికి తెలియదు. 2003లో పార్లమెంటు చేసిన పొగాకు ఉత్పత్తుల చట్టం పొగ త్రాగడాన్ని నేరంగా ప్రకటించలేదు. నాలుగవ సెక్షన్ బహిరంగ స్థలంలో త్రాగరాదని మాత్రమే చెప్పింది. ఆరుబయలు ప్రదేశాలను సాధారణంగా ఆ నిర్వచనం నుండి మినహాయించింది కూడా. అంటే దేహం నీదే, అలవాటు నీ ఇష్టమే. నలుగురూ పీల్చే గాలి మాత్రం నీ ఒక్కడిది కాదు.

మరి ఎదుటివారికి అభ్యంతరం లేకపోతే త్రాగవచ్చు కదా, పరస్పర మర్యాదతో సర్దుకోలేమా అని మంచి మనసున్నవారు కూడా అడుగుతారు. ఆ పద్ధతిని మన దేశంలో చేసి చూశారు. 1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షన్ చదవండి. పెట్టెలోని మరొక ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ త్రాగరాదని ఉంది. ఉల్లంఘిస్తే వంద రూపాయల వరకు జరిమానా. చూడడానికి ఎంతో సముచితంగా ఉంటుంది. కానీ ఆ పెట్టెలో కూర్చున్నవారిని ఒకసారి తలచుకోండి. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న కోడలు, ఎదురుగా పెదమామగారి వయసున్న పెద్దమనిషి, ఆయన చేతిలో సిగరెట్టు. ఆ కోడలు నోరు విప్పుతుందా? ఉబ్బసంతో బాధపడే ముసలాయన నలుగురు కుర్రవాళ్లను ఆపమనగలడా? అడగగలిగిన శక్తి ఉన్నవారికే ఆ రక్షణ అందింది. గాలి అవసరం ఎక్కువగా ఉన్నవారు మౌనంగా ఉండిపోయారు. వారి మౌనాన్ని మనం అంగీకారంగా లెక్క వేసుకొన్నాం. నిషేధం చేసిన అసలు మేలు, నా దృష్టిలో, ఆ కోడలు ఇక ఎవరినీ అడగవలసిన అవసరం లేకుండా చేయడమే.

ఈ మార్పులో ఒక ముఖ్యమైన అడుగు కేరళలో పడింది. కె. రామకృష్ణన్ కేసులో 1999 జూలైలో కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానం రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. మురళీ దేవరా దాఖలు చేసిన వ్యాజ్యంలో 2001 నవంబరు 2న సుప్రీం కోర్టు ఆసుపత్రులు, విద్యాలయాలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్లతో సహా ప్రజా వాహనాలలో ధూమపానాన్ని నిషేధించమని ఆదేశించింది. ఒకరి పొగవల్ల మరొకరి ప్రాణం పరోక్షంగా హరించుకుపోరాదన్నది ఆ ఆదేశం వెనుక ఉన్న తర్కం. 2008 అక్టోబరు 2 నుండి అమలైన నియమాలు పని చేసే చోట్లను కూడా ఇందులో చేర్చాయి.

ప్రక్కవాడి పొగ నిజంగా ప్రాణం తీస్తుందా? జపాన్ వైద్యుడు తకేషి హిరయామా తాను పొగ త్రాగని 91,540 మంది గృహిణులను పద్నాలుగేళ్లు పరిశీలించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త రోజుకు ఇరవై, అంతకుమించి సిగరెట్లు కాల్చే ఇళ్లలోని స్త్రీలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు దాదాపు రెట్టింపుగా కనిపించాయి. సిగరెట్ కంపెనీలు ఆ పరిశోధనపై గట్టిగా దాడి చేశాయి; తరువాతి పరిశోధనలు మాత్రం దానినే బలపరచాయి. ఇంత పొగ అయితే ఫరవాలేదనదగిన సురక్షిత పరిమాణమంటూ లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. హిరయామా లెక్కించింది బస్సులలో వారిని కాదు, ఇళ్లలోని ఇల్లాళ్లను. ఆ ఇంటి గుమ్మం దగ్గరే మన చట్టం ఆగిపోయింది. అక్కడ ఏ పలకా లేదు, జరిమానా లేదు. ఈ సభలోని గృహస్థులు ఆ సంగతి గమనించాలి.

ఇక దాతల మాట. ఒక దాత నాతో అన్నారు: ‘ఆ గది మా నాన్నగారి పేరున నేను కట్టించాను. శిలాఫలకం కూడా ఉంది. నా గది ముందు నేను కాల్చుకొంటే అడిగేది ఎవరు?’ ఆయనను నొప్పించకుండా చెప్పవలసిన జవాబు మన ధర్మశాస్త్రాలలోనే ఉంది. చెరువునో సత్రాన్నో ప్రజలకు సమర్పించే క్రియకు ఉత్సర్గమని పేరు. ఉత్సర్గం అంటే విడిచిపెట్టడం. విడిచిన పిమ్మట ఆ చెరువు నీటిని దాత కూడా త్రాగవచ్చు, అయితే అందరిలో ఒకడిగానే. వరండాకూ అదే న్యాయం. పైగా ఉల్లంఘనలను చూచి ఊరకుంటే, ఎన్ని ఉల్లంఘనలు జరిగాయో అంత జరిమానా నిర్వాహకుడే చెల్లించాలని 2008 నియమాలు చెబుతున్నాయి. దాతగారి సిగరెట్టుకు శిక్ష మేనేజరు గారికి పడుతుంది.

ఉద్యోగులకు మరొక మాట. తిరుమల కొండపై పొగ త్రాగనివ్వకపోవడానికి క్షేత్ర పవిత్రత కారణం. బస్టాండులోని నిషేధానికి ఆ కారణం లేదు, అవసరమూ లేదు. సత్రం వరండాకు ప్రక్కవాని శ్వాస ఒక్కటే చాలు. కాబట్టి ఎవరినైనా వారించేటప్పుడు పాపం, అపచారం అనే మాటలు వాడకండి.

చట్టంలోనూ పక్షపాతం కనిపిస్తుంది. ముప్ఫై, అంతకుమించి గదులున్న హోటలు పొగ త్రాగేవారికి ప్రత్యేక స్థలం కేటాయించుకోవచ్చు. బీడీ కాల్చే కూలీకి అటువంటి ఏర్పాటు లేదు. రెండు వందల రూపాయల వరకు జరిమానా హోటలు అతిథికి లెక్కలోనిది కాదు, కూలీకి ఇంటిల్లిపాది భోజనం. ఉత్తరాంధ్ర తీర గ్రామాల నుండి వచ్చే వృద్ధ స్త్రీలలో అడ్డపొగ త్రాగేవారున్నారు; నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకొని చుట్ట పీలుస్తారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని వైద్యులు ఏనాడో గుర్తించారు. యాభై ఏళ్ల అలవాటును మీ కేకతో ఒక్క పూటలో మాన్పించలేరు. ఆమెకు చేయి ఆసరా ఇచ్చి బయటి చోటు చూపించండి. మానాలనుకొనేవారికి 1800 11 2356 అనే ఉచిత సహాయ సంఖ్య ఉంది. దానిని నిషేధపు పలక క్రిందనే వ్రాయించండి.

ఆ చోటు ఎక్కడ ఉండాలన్నది ధర్మకర్తలు నిర్ణయించాలి. నా మనవి ఒక్కటే: ప్రహరీ వెలుపల, కిటికీలకు, అన్నదానశాలకు దూరంగా, వృద్ధులు నడవగలిగినంత దగ్గరలో చూడండి. ఒక బల్ల, ఇసుక పోసిన తొట్టి ఉంటే చాలు.