లేహ్ యాత్ర – దారి ఎంపికలో మా అనుభవం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము కారులో లడఖ్ వెళ్లివచ్చామని తెలిసి కార్యదర్శిగారు నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఐదేళ్లు ఫైళ్లు రాసిన గుమాస్తాను, మైకు అలవాటు లేదు. తప్పులుంటే మన్నించగలరు.

ఢిల్లీదాకా రైలు, అక్కడినుంచి మా అబ్బాయి కారు. లేహ్‌కు ముఖ్యమైన దారులు రెండు: ఒకటి మనాలీ నుంచి, రెండవది శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా. దేనికైనా నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. 2018లో మా అబ్బాయి మనాలీ దారి బాగుంటుందన్నాడు. నేనూ డీజిలు లెక్కలు వేశానేగాని, రాత్రి పడుకునే చోటు ఎంత ఎత్తో చూడలేదు. అసలు చూడవలసింది అదేనండీ.

మన తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు. మనాలీ 6,700, కీలాంగ్ 10,000. ఆ మరుసటి రాత్రి సర్చూ గుడారాల్లో బస, అది 14,000 అడుగులు! అర్ధరాత్రి మా ఆవిడ లేచి కూర్చుని, "ఏమండీ, తల పగిలిపోతోంది, ఊపిరాడటం లేదు" అన్నది. రెండుసార్లు వాంతి అయింది. దీనికి అసలు మందు కిందికి దిగటమే. కాని సర్చూ రెండు కనుమల మధ్య ఉంది. ముందుకు పోతే లాచులుంగ్ లా, వెనక్కు వస్తే బారాలాచా లా, రెండూ 16,000 అడుగులకు తక్కువ కావు. దిగాలంటే ముందు ఎక్కాలి! గుడారాలవాళ్లిచ్చిన ఆక్సిజన్ పెట్టి, ఆమె చేయి పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఆ రాత్రి నేను మొక్కని దేవుడు లేడు. వెలుగు రాగానే బండి వెనక్కు తిప్పాము. కీలాంగ్ చేరాక ఆమె కాఫీ అడిగింది. లేహ్ చూడకుండానే ఇంటికి వచ్చాము.

2023లో మళ్లీ వెళదామన్నది ఆవిడే. డాక్టరుకు చూపించుకుని, ఈసారి ఆఫీసు పద్ధతిలో రాత్రి బసలకు ఒక పట్టిక వేశాను. శ్రీనగర్ 5,200, రెండు రాత్రులు. కార్గిల్ 8,800. తరువాత లేహ్ 11,500. దారిలో ఫోటు లా 13,500 అడుగులున్నా, అక్కడ ఆగేది పది నిమిషాలే. అయితే జోజీ లా దగ్గర ఇరుకు రోడ్డు, పక్కన లోయ. నేను కళ్లు మూసుకున్నానని ఒప్పుకుంటున్నాను. చరియలు విరిగిపడితే గంటల తరబడి బండ్లు ఆపేస్తారు గనుక ఒక రోజు అదనంగా ఉంచుకున్నాము. లేహ్‌లో రెండు రోజులు గది దాటలేదు. మా అబ్బాయి విసుక్కున్నాడు, విసుక్కోనీ. మూడవ రోజు ఆవిడ బజారులో ఎండు ఆప్రికాట్లు బేరమాడింది.

తిరుగు ప్రయాణం మనాలీ మీదుగానే. అప్పటికి శరీరం ఎత్తుకు అలవాటుపడింది. పైగా 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కే పని లేదు. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి కీలాంగ్ చేరాము. మధ్యలో సర్చూ వచ్చింది. టీ తాగుదామా అని అడిగాను. ఆవిడ ఆ గుడారాలవైపు కాసేపు చూసి, "వద్దు, పోనివ్వమనండి" అన్నది.

ఎత్తుల పట్టిక ప్రతులు కొన్ని తెచ్చాను. కావలసినవారు సభ ముగిశాక నా దగ్గర తీసుకోవచ్చు. సెలవు.