ఇల్లు అమ్మాక మిగిలే బాకీ
(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



జకాత్ గురించో, చదువుల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఈరోజు నేను ఇంటి పన్ను గురించి మాట్లాడతాను. ఇంత మంచి సభలో ఇదేం విషయమని నవ్వుకోవచ్చు. కానీ ఇంటి పన్ను మూలంగా ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేసే ఇద్దరి మధ్య సలాం ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ తగాదాలో నా తప్పు కూడా ఉంది. అందుకే చెబుతున్నాను.

మీరిచ్చిన సొమ్ముతో మన సంస్థ ఒక సోదరికి రెండు గదుల ఇల్లు కొనుక్కోవడానికి సాయం చేసింది. భర్త పోయాక కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న ఇల్లాలు. కొంత ఆమె కూడబెట్టింది, కొంత పుట్టింటివారు ఇచ్చారు, తక్కువపడింది మనం వేశాం. అమ్మినాయన మన మస్జిదుకు వచ్చే పెద్దాయనే. ఆమె ఆయన్ని చాచా అని పిలుస్తుంది. ఏప్రిల్ మొదట్లో రిజిస్ట్రేషన్ జరిగింది. దస్తావేజు మీద సాక్షి సంతకం నాది.

ఆరు నెలల తర్వాత ఆమె పన్ను పుస్తకంలో పేరు మార్పించుకోవడానికి మున్సిపాలిటీకి వెళ్లింది. పాత బాకీ కడితేనే పేరు మారుతుందన్నారు. నాలుగేళ్ల పన్ను కట్టలేదట. ఆరు నెలలకు 1,200 రూపాయల చొప్పున ఎనిమిది అర్ధ సంవత్సరాలు, అసలు 9,600. దాని మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. అంతా కలిపి 15 వేలకు కొంచెం తక్కువ. దస్తావేజు కాగితాలతో పాటు ఒక పన్ను రశీదు కూడా ఉంది. కానీ అది ఐదేళ్ల కిందటిది. రశీదు ఉందా అని అందరం చూశాం. దాని మీద తేదీ ఏమిటని ఒక్కరం కూడా చూడలేదు. నేనూ చూడలేదు.

ఆమె చాచా దగ్గరికి వెళ్లింది. ఆయన, “అమ్మా, ఇల్లు నీ చేతికిచ్చాను, కాగితాలిచ్చాను. ఇల్లు ఎవరిదైతే పన్ను వాళ్లదే కదా” అన్నారు. “నేను ఆ ఇంట్లో లేని రోజుల పన్ను నేనెందుకు కట్టాలి చాచా?” అని ఆమె అడిగింది. మాట మీద మాట పెరిగింది. ఆయన్ని మోసగాడన్నారు కొందరు. ఆమెకు కృతజ్ఞత లేదన్నారు ఇంకొందరు. నిజానికి ఆయన మోసగాడు కాడు. ఆ నాలుగేళ్లూ ఇల్లు అద్దెకిచ్చారు. ఇంటి పన్ను అద్దెకున్నవాళ్లే కట్టుకోవాలని నోటిమాటగా అనుకున్నారు. వాళ్లు కడుతున్నారని ఈయన నమ్మారు. వాళ్లు కట్టకుండానే ఖాళీ చేసి వెళ్లిపోయారు.

అప్పుడు మన కమిటీలో ఒక మాట వచ్చింది. “పదిహేను వేలే కదా, సంస్థ కట్టేస్తే గొడవ పోతుంది” అని. మంచి మనసుతోనే అన్నారు. కానీ కమిటీ ఒప్పుకోలేదు. మీరు పేదవారి కోసం ఇచ్చిన సొమ్ముతో, కట్టుకునే స్తోమత ఉన్న ఒక పెద్దమనిషి బాకీ తీర్చడం న్యాయం కాదని నిర్ణయించారు. ఆ నిర్ణయం సరైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. మరి ఆ బాకీ ఎవరిది? అది తేల్చడానికి నేను ఒక వకీలు గారి దగ్గర కూర్చుని తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను.

మొదటి సంగతి, అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ దీన్ని స్పష్టంగా చెప్పింది. వేరే ఒప్పందం ఏదీ రాసుకోకపోతే, అమ్మిన రోజు వరకు ఆ ఆస్తి మీద పడిన ప్రభుత్వ పన్నులు అమ్మినవారు కట్టాలి. హక్కు చేతులు మారిన రోజు నుంచి కొన్నవారు కట్టాలి. పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఏడాదికి 3,600 పన్ను ఉన్న ఇల్లు ఆగస్టు 1న అమ్మారనుకోండి. నాలుగు నెలలకు 1,200 అమ్మినవారిది, ఎనిమిది నెలలకు 2,400 కొన్నవారిది. ఇంతకంటే పెద్ద లెక్క లేదు.

రెండో సంగతి, మున్సిపాలిటీకీ ఇంటికీ మధ్య లెక్క. మున్సిపల్ చట్టాల్లో ఇంటి పన్నుకు ఆ ఆస్తి మీదనే మొదటి హక్కు ఉంటుంది. మనం మనం ఏం రాసుకున్నా ఆఫీసువారికి సంబంధం లేదు. వారు ఆ డోర్ నంబరు మీద ఎంత బాకీ ఉందో చూస్తారు. ఇంకొక మాట గుర్తుంచుకోండి. ఈసీలో తాకట్లు, అమ్మకాలు కనిపిస్తాయి గానీ పన్ను బాకీ కనిపించదు. ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉంటే పొరపాటే.

దీని మీద 1971లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అహ్మదాబాద్‌లో ఒకాయన కోర్టు వేలంలో ఇల్లు కొన్నారు. పాత యజమాని పన్ను బాకీ కోసం అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ ఆ ఇంటి మీదికి వచ్చింది. బాకీ సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవారి ఆస్తి మీద, చట్టంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, ఆ బాకీ వసూలు చేయడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇది విని ధీమాగా ఉండకండి. వాకబు చేయవలసినంత చేయకుండా కొంటే, తెలిసి కొన్నట్టే అని కోర్టు భావించవచ్చు. ఏది తెలుసు, ఏది తెలియదు అన్నది ఒక్కో కేసును బట్టి తేలుతుంది. పదిహేను వేల పన్ను కోసం కోర్టుకెక్కితే వకీలు ఫీజే అంతకు మించుతుంది.

మూడో సంగతి, పుస్తకంలో పేరు. ఇల్లు అమ్మినంత మాత్రాన పన్ను పుస్తకంలో మన పేరు పోయిందని అనుకోకూడదు. చేతులు మారిన సంగతి అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ మున్సిపాలిటీకి తెలియజేయాలి. తెలియజేయకపోతే అమ్మినవారి బాధ్యత అలాగే నిలిచి ఉంటుంది. ఇందులో నష్టం కొన్నవారికే కాదు. మనవాళ్లు ఎందరో కువైట్‌లో, దుబాయ్‌లో, సౌదీలో ఉన్నారు. ఇక్కడి ఇల్లు అన్నదమ్ములకు పవర్ ఇచ్చి అమ్మిస్తారు. పుస్తకంలో పేరూ, ఫోన్ నంబరూ పాతవే ఉంటాయి. ఏళ్ల తర్వాత డిమాండు నోటీసు అమ్మినవారి పేరు మీదే వస్తుంది. ఎప్పుడో అమ్మిన ఇంటికి పన్ను కట్టమని అడిగితే ఎవరికి కోపం రాదు?

ఇంకొక చిక్కు ఉంది. అమ్మినాయన పైన రెండు గదులు వేసి ఆఫీసులో చెప్పడు. అమ్మిన తర్వాత కొలతలు తీస్తారు, పన్ను పెంచుతారు, వెనుకటి కాలానికి కూడా కలిపి నోటీసు ఇస్తారు. అందుకని దస్తావేజులో ఒక వాక్యం రాయించుకోవాలి: అమ్మిన తేదీ వరకు చెందిన పన్ను ఎప్పుడు అడిగినా అమ్మినవారే కట్టాలి అని. ఒక్క వాక్యంతో ఎన్నో తగాదాలు తప్పుతాయి.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది అప్పుల గురించి, వాటిని రాసుకోవడం గురించి, సాక్షుల గురించి చెబుతుంది. ఈ లావాదేవీలు చిన్నవే కదా అని రాయడానికి బద్ధకించవద్దని కూడా అందులో హెచ్చరిక ఉంది. అమ్మేవారూ కొనేవారూ నిజం చెప్పి, లోపాలు దాచకుండా ఉంటే వారి వ్యాపారంలో శుభం ఉంటుందని, దాచితే ఆ శుభం పోతుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. గోడకు చెమ్మ ఉంటే చెబుతాం. పన్ను బాకీ కూడా ఇంటికి ఉన్న లోపమే. అదీ చెప్పాలి.

బాకీ మనిషితో పోదు. అప్పుతో చనిపోయిన ఒకరి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త (సఅసం) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్నాకే చేయించారు. ఆస్తి పంపకంలో కూడా వారసుల వాటాలకు ముందు అప్పులు తీర్చాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. తండ్రి ఇల్లు అమ్మి డబ్బు పంచుకునే పిల్లలు ఆ ఇంటి పన్ను బాకీని కూడా ఆ అప్పుల్లో లెక్కగట్టాలి.

ఇక మన తగాదా ఎలా తీరిందో చెబుతాను. ఒక శుక్రవారం అసర్ తర్వాత నేనూ, మన కార్యదర్శిగారూ చాచా ఇంటికి వెళ్లాం. తప్పు ఎవరిదన్న మాట ఎత్తలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాం. ఎనిమిది అర్ధ సంవత్సరాల అసలు 9,600, అమ్మిన రోజు వరకు వడ్డీ 4,032. మొత్తం 13,632. ఆయన చాలాసేపు ఆ కాగితం చూశారు. “ఇది నాదే. ఆ రోజే చెప్పి ఉంటే ఆ రోజే కట్టేవాణ్ణి కదా. కానీ తర్వాతి ఆరు నెలల వడ్డీ నాది కాదు” అన్నారు. ఆ వడ్డీ 1,152 రూపాయలు. ఆమె మీద వేయడానికి మనసు రాలేదు. తేదీ చూడని సాక్షిగా సగం నేను, కాగితాలు చూడవలసిన కార్యదర్శిగా సగం ఆయన, మా జేబుల్లోంచి వేసుకున్నాం. ఆమె తన ఆరు నెలల పన్ను 1,200 కట్టుకుంది. ఇప్పుడు ఆ ఇల్లు ఆమె పేరు మీద ఉంది. పోయిన రంజాన్ పండుగకు చాచా ఇంటికి సేమియా పంపింది.

అప్పటినుంచి మన సంస్థ ఒక నియమం పెట్టుకుంది. ఇంటి కోసం సాయం అడిగినవారు అమ్మేవారి దగ్గర్నుంచి ఆ అర్ధ సంవత్సరం వరకు కట్టిన పన్ను రశీదు తెచ్చి చూపితేనే డబ్బు విడుదలవుతుంది. ఈ సభలో ఉన్న దాతలను కూడా నేను కోరేది ఇదే. మీరు ఇల్లు అమ్మితే రశీదు తాళంచెవితో పాటు ఇవ్వండి, పేరు మారిందో లేదో మీరే వెళ్లి కనుక్కోండి. కొంటే అసెస్‌మెంట్ నంబరు తీసుకుని బాకీ ఎంతో రిజిస్ట్రేషన్‌కు ముందే చూడండి, బాకీ ఉంటే ధరలో తగ్గించి మీరే కట్టేయండి. సంస్థకు ఇల్లు, దుకాణం దానంగా ఇవ్వాలనుకుంటే దాని పన్ను కూడా తీర్చి ఇవ్వండి. లేకపోతే మీ దానంలో మొదటి ఖర్చు మీ బాకీయే అవుతుంది. సాక్షి సంతకం పెట్టేవారు, నాలాగా కాకుండా, రశీదు మీద తేదీ చదివి పెట్టండి.

పన్ను రశీదు ఇంటి మీద హక్కు ఇవ్వదు, కోర్టులు ఎన్నోసార్లు ఈ మాట చెప్పాయి. హక్కు దస్తావేజుదే. కానీ ఆ చిన్న కాగితం ఇద్దరు మనుషుల మధ్య సలాం నిలబెడుతుంది. పదిహేను వేల కోసం నెలల తరబడి మాట్లాడుకోని ఆ ఇద్దరినీ చూశాక నాకు ఇది అర్థమైంది.

అల్లాహ్ మన సంపాదనలను, మన ఇళ్లను, మన దానాలను ఇతరుల హక్కులనుంచి పరిశుద్ధంగా ఉంచుగాక! మన మధ్య ప్రేమను నిలుపుగాక! ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హందులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.