ఎవరు రానిచ్చారు?



ఏళ్ళ కిందటి మాట. మా అత్తగారికి కంట్లో శుక్లం వస్తే సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. ఉద్దానం పల్లెల నుంచి కళ్ళ వైద్యానికి జనం అక్కడికే వచ్చేవారు. పలాసకి తిరుగు బస్సులో ఆవిడ, "ఎవులు రమ్మన్నారే అమ్మీ, వీళ్ళని ఇంత దూరం? ఎవులు రానిచ్చారు?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఈవేళ మీతో చెబుతాను.

తెల్లదొరలూ పాదుర్లూ ఒకటే అనుకుంటాం మనం. కాదండీ. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే గిట్టేది కాదు. జనం మతం జోలికి పోతే తన వ్యాపారం చెడుతుందని భయం. 1793లో వచ్చిన విలియం కేరీ చివరికి 1800లో డెన్మార్కు వారి శ్రీరాంపూర్‌కి చేరి పని సాగించుకోవలసి వచ్చింది. మన విశాఖపట్నంలో 1805లో లండన్ మిషన్ వారు క్రాన్, డెస్ గ్రాంజస్ దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదానికి పూనుకున్నారు. మరుసటేడే వేలూరులో సిపాయిలు తిరగబడ్డారు. తలపాగాల మీదా, నొసటి బొట్ల మీదా సైన్యం పెట్టిన ఆంక్షలు అందుకు కారణం. అనుమానం మాత్రం మిషనరీల మీద కూడా పడింది. 1812లో అమెరికా నుంచి కలకత్తా వచ్చిన జడ్సన్‌ని వెళ్ళిపొమ్మన్నారు. 1813 చార్టర్ చట్టంతో లైసెన్సు పుచ్చుకుని రావచ్చన్నారు. 1833లో ఆ లైసెన్సూ తీసేశారు.

అలా తలుపు తెరిచాక, టెక్కలి, సోంపేటలకు కెనడా వాళ్ళూ, సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ లూథరన్లూ వచ్చారు. 1914లో యుద్ధం రాగానే సర్కారు జర్మనీ పాదుర్లను నిర్బంధించి, ఆనక దేశం దాటించింది. కెనడా వాళ్ళు బ్రిటిషు జెండా కింది వాళ్ళు కనక వాళ్ళకి ఆ బాధ లేకపోయింది. చూశారా, సర్కారు అడిగింది "నువ్వేం బోధిస్తావు?" అని కాదు, "నువ్వెవరి మనిషివి?" అని!

స్వాతంత్ర్యం వచ్చాక ప్రశ్న మారింది. రాజ్యాంగం 25వ అధికరణం ఎవరి మతం వారు పాటించుకునే, ప్రచారం చేసుకునే హక్కునిచ్చింది. మన ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కదా, అక్కడ 1967లో బలవంతంతో, మోసంతో, ప్రలోభంతో మతం మార్చకూడదని చట్టం చేశారు. 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రచారం చేసుకునే హక్కు ఉందంటే ఎదుటివాళ్ళని మతం మార్చే హక్కు ఉన్నట్టు కాదంది.

మరి కన్ను బాగుచేయడం ప్రలోభమా? మా అత్తగారిని అడిగాను. "పొద్దున్నే ప్రార్థన చదివేవారు, విన్నాను. మంచి మాటలే. దేవుణ్ణి మార్చుకోడం నా ఇష్టం కదే!" అంది. ఇంటికి రాగానే తులసికోట దగ్గర దీపం పెట్టింది. పక్క మంచం ఆవిడ మాత్రం ఏడాది తిరక్కుండా చర్చికి వెళ్ళసాగింది. ఇద్దరూ ఆఖరిదాకా ఒకరింటికి ఒకరు వస్తూ పోతూనే ఉన్నారు.

దేశంలోకి ఎవరిని రానివ్వాలో చూసుకోవలసింది సర్కారే. మన మనసులోకి ఎవరిని రానివ్వాలో మనం చూసుకోవాలి. ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టకండి.

సెలవు.